ఆకు ఊడ్చరాదు

నా చేతిరాత మొదటిసారి నలుగురి కళ్ళలో పడింది ఒక రేకు బోర్డు మీద. ఆకుపచ్చ రంగు పూసిన రేకు, దాని మీద తెల్ల అక్షరాలు. "ఇది సంఘం తోట. ఇక్కడ ఆకు ఊడ్చరాదు. ఊడ్చినవారికి జరిమానా." అప్పటికి నాకు చదువు వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. బడి వరండాలో మధ్యాహ్నాలు కూర్చుని, యాభై దగ్గర పడిన వయసులో నేర్చుకున్న అక్షరాలు అవి. 'జరిమానా' అన్న మాట మూడుసార్లు తుడిచి రాశాను. రంగు ఆరేదాకా కోళ్ళు తొక్కకుండా పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. అంత మురిసిపోయాను.

ఆ తోట గురించి చెప్పాలి. కళింగపట్నం దాటి తీరం వెంట ఉత్తరానికి వస్తే మా ఊరు. ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుక మెట్టలు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గాలి లేస్తే అన్నంలో ఇసుక పడేది. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తినేవాళ్ళం. తరవాత ప్రభుత్వం ఆ మెట్టల్ని ఊళ్ళోని నలభై కుటుంబాల సంఘానికి ఇచ్చింది, సరుగుడు వేసుకోండి, పెంచుకోండి, కోసుకోండి అని. కడుపుతో ఉన్నవాళ్ళం కూడా కుండలతో నీళ్ళు మోసి ఆ మొక్కల్ని బతికించాం. అయిదారేళ్ళకొకసారి ఊరివైపు వరసలు నరికి అమ్మి, మళ్ళీ నాటేవాళ్ళు. సముద్రం వైపు వరసల్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకునేవాళ్ళు కారు. గాలిని ఆపేవి అవే.

సరుగుడు చెట్టు ఏడాది పొడుగునా ఆకు రాలుస్తుంది. సూదుల్లాంటి ఆకు. రాలి ఎండితే బెల్లంరంగు పరుపులా ఉంటుంది, చేత్తో నలిపితే పిండి అయిపోతుంది. పొయ్యిలోకి గుప్పెడు వేస్తే బుస్సుమని లేస్తుంది. మా ఆడవాళ్ళందరి వంటా ఆ ఆకుతోనే. ఏ ఇంటికి ఏ వరసలో ఊడ్చుకునే హక్కు ఉందో మాలో మాకు తెలుసు. సముద్రం వైపు వరసలు మాత్రం మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళవి. అక్కడ చెట్లు పెద్దవి, ఆకు ఎక్కువ. వాళ్ళు తమ పొయ్యికి ఉంచుకుని, మిగిలింది గోనెల్లో కుక్కి మురీలు, అంటే మరమరాలు, వేయించే బట్టీకి అమ్ముకునేవారు. దానికి బదులుగా వాళ్ళ మీద ఒక పని ఉండేది. ఆ పెద్ద చెట్లకీ ఊరివైపు చెట్లకీ మధ్య బండి పట్టేంత వెడల్పున ఒక బాట. దాని మీద ఆకన్నది లేకుండా, ఇసుక తెల్లగా కనబడేలా ఊడ్చి ఉంచాలి. తెల్లబాట అనేవాళ్ళం. ఆ బాట ఎందుకని మేమెవరం అడగలేదు. ఎప్పుడూ ఉండేది కాబట్టి ఉండేది.

ఆ బాటను అందరికంటే బాగా ఊడ్చేది మా వదిన, మా ఆయనకు అక్క. ఆమె భర్త వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. కూతురికి ఇచ్ఛాపురం వైపు పెళ్ళి చేసి పంపి, తోట ఉత్తరం కొసన తాటాకు పాక వేసుకుని ఒక్కతే ఉండేది. వెదురు బద్దలు వేళ్ళలా వంచి కట్టిన పొడుగాటి ఊడుపుకర్ర ఆమెది. దానితో ఆమె గీరుతుంటే ఆకు మాత్రమే వచ్చేది, ఇసుక వచ్చేది కాదు. నాకు ఇప్పటికీ ఆ చెయ్యి తిరగలేదు.

రాష్ట్రం రెండు ముక్కలు కావడానికి ముందు ఏడు, ఈసారి సంఘానికి ఆడమనిషే అధ్యక్షురాలు కావాలని పైనుంచి చెప్పారు. మగవాళ్ళు కూర్చుని వాళ్ళవాళ్ళ ఇళ్ళు లెక్క చూసుకున్నారు. కాగితం మీద ఉన్నది చదవగలిగిన ఆడమనిషి నేనొక్కదాన్నే తేలాను. మా ఆయన వలకు ముడులు వేస్తూ అన్నాడు, "ఇకనించి కూర అడగాలన్నా దరకాస్తు ఎట్టాలేటి?"

"ఎట్టు. సంతకం మాత్రం నీదే ఉండాల. ఏలిముద్ర కుదరదు," అన్నాను. ఆయనకు సంతకం రాదు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. చదువు వచ్చినదాని మాట ఎంత తేలిగ్గా అవతలివాడికి తగులుతుందో ఆ రోజు గమనించి ఉంటే బాగుండేది.

పట్నంలో రెండు రోజుల శిక్షణకు పంపారు. అరసవల్లిలో ఒక లాడ్జిలో పడుకోబెట్టి, భోజనాలు పెట్టి, ఒక నోటు పుస్తకం, పెన్ను ఇచ్చారు. మాట్లాడిన ఆయన కొండ ప్రాంతంలో పనిచేసి వచ్చినవాడు. అడవిలో రాలిన ఆకే నేలకు ఎరువు, దాన్ని ఎత్తుకుపోతే చెట్టు నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టే అని చెప్పాడు. నేను వేగంగా రాసుకున్నాను. ఆయన చెప్పింది కొండకు నిజమే అయి ఉంటుంది. కొండ మీద ఆకు తడిసి కుళ్ళి మట్టి అవుతుంది. మా ఇసుకలో వాన నీళ్ళు నిలవవు, ఆకు కుళ్ళదు, ఎండడమే. చెయ్యి ఎత్తి, "సారూ, మాది ఇసక" అంటే సరిపోయేది. నాలుగు పేజీలు రాసుకున్నాను, ఆ ఒక్క మాట అడగలేదు. పుస్తకంలోకి ఎక్కిన మాట తప్పు కాదనుకున్నాను. రాయడం కొత్తగా వచ్చినవాళ్ళకు రాత మీద ఉండే భక్తి అలాంటిది.

తిరిగి వచ్చి సంఘంలో ఆ నాలుగు పేజీలూ చదివాను. ఆకు ఊడవకపోతే మాను లావెక్కుతుంది, లావెక్కితే ధర పెరుగుతుంది అని నేనే కలిపి చెప్పాను. మగవాళ్ళకు నచ్చింది. అప్పటికే చాలా ఇళ్ళలోకి గ్యాసు వచ్చింది, ఆడవాళ్ళకూ పెద్దగా పట్టలేదు. పట్టినవాళ్ళు మా వదినతో కలిపి నలుగురు, మొగుళ్ళు లేనివాళ్ళు. సంఘంలో సభ్యత్వం మొగుళ్ళ పేరున ఉంది కనక వాళ్ళకు లోపల చోటు లేదు. మా వదిన బయట అరుగు మీద కూర్చుని అంతా విన్నది.

బోర్డు పాతిన రోజు ఆమె వచ్చి దాని ముందు నిలబడింది.

"ఏటి రాసినావే ఇది?"

"ఆకు ఊడ్సకూడదని వొదినా."

"ఎవులు?"

"ఎవులైనా సరే. ఊడిస్తే జరిమానా."

ఆమె చెట్ల వైపు చూసింది. "మరి గాలొచ్చి ఊడిసినాదనుకో. దానికీ జరిమానాయేనా? ఎక్కడికెల్లి అడుగుతావే, సముద్రంలోకా?"

పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నవ్వింది నా చేతిరాతను చూసి అనిపించింది.

వారం తిరక్కుండా ఆమె ఎప్పటిలాగే గోనె నిండా ఆకు నింపి నెత్తిన పెట్టుకుని తోటలోంచి వస్తోంది. బోర్డు దగ్గర నలుగురు సంఘం మగవాళ్ళు, నేను ఉన్నాం. ఒకడు గొంతు తగ్గించకుండానే అన్నాడు, "సొంత వొదినకి ఒక రూలు, ఊరికో రూలేటి, పెసిడెంటు గోరూ?"

నేను ముందుకు వెళ్ళి ఆమె నెత్తి మీది గోనె దింపి బోర్లించాను. ఆకు కుప్పగా పడింది. ఆమె వంగి ఖాళీ గోనె తీసుకుని, దులిపి, నాలుగు మడతలు పెట్టింది.

"గోనె నాదే గదా? దీని మీదేటి రాయనేదు గదా నువ్వు?" అని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి తోటలోకి ఆమె అడుగు పెట్టలేదు. ఒడ్డున చేపలు ఎండబెట్టేచోట కూలికి వెళ్ళింది. మిగిలిన ముగ్గురూ మానేశారు. తెల్లబాట మీద మొదటి నెల పలచగా ఆకు పడింది. ఏడాది తిరిగేసరికి బాట ఎక్కడుందో కాలితో వెతుక్కోవాల్సి వచ్చింది. నేను చూశాను. చూసి, నేలకు బలం పడుతోందని అనుకున్నాను.

ఆ తరవాత వచ్చిన మాఘంలో ఊరివైపు తోటలో ఉత్తరపు భాగం నరికించాం. కొన్నాయన మంచివాడే, మోసం చెయ్యలేదు. మానులు కోసి, బెరడు గీసి, కొలిచి లారీలకు ఎక్కించుకుపోయాడు. కొనకొమ్మలు, మండలు మాత్రం కోసిన చోటే వదిలేశాడు. ఇవి కూడా తీసెయ్యాలి కదా అని అడిగితే వింతగా చూశాడు. "మీ ఆడోళ్ళు రెండ్రోజుల్లో లాక్కుపోతారు గదమ్మా. ఏ ఊళ్ళోనైనా అంతే."

ఏ ఊళ్ళోనైనా అంతే. మా ఊళ్ళోనూ అంతకుముందు అంతే. కోత అయిన సాయంత్రానికే ఆడవాళ్ళం కత్తులతో దిగి, మూడో రోజుకు నేల మీద పుల్ల లేకుండా చేసేవాళ్ళం. అందుకే ఒప్పందంలో మండల మాట ఎప్పుడూ ఉండేది కాదు. ఇప్పుడు ఎవరూ రాలేదు. నేనే ఇల్లిల్లూ తిరిగాను. మా వెనక వీధిలో ఒకామె గ్యాసు పొయ్యి మీద పాలు చూసుకుంటూ అన్నది:

"తోటలో ఏదీ ముట్టకూడదని బోర్డున్నాది గదప్పా."

"అది ఆకు గురించే. మండలు తెచ్చుకోవచ్చు."

"ఏమో మరి. నాకు సదువు రాదు గానీ ఇనికిడున్నాది. అప్పుడు మీ వొదిన గోనె బోర్లించినావని ఇన్నాను."

మగవాళ్ళను అడిగితే, వానలకు అవే కుళ్ళిపోతాయిలే అన్నారు. మాఘంలో కోసిన మండలకు వానలు ఎప్పుడొస్తాయి? ఫాల్గుణం, చైత్రం, అవి ఎర్రగా ఎండిపోయి, కాలు పెడితే ఫెళఫెళమంటూ పడి ఉన్నాయి. వాటి కింద రెండేళ్ళ ఆకు. అప్పటికైనా నేను చెయ్యాల్సింది తెలిసిపోయింది. వదిన పాకకు వెళ్ళి, నేను పొరపాటు పడ్డాను, నీ వరసలో నువ్వు ఊడ్చుకో, బాట శుభ్రం చెయ్యి అనాలి. బోర్డు పీకెయ్యాలి. రెండుసార్లు ఆ దారిన బయలుదేరి, బోర్డు దగ్గరదాకా వెళ్ళి తిరిగి వచ్చాను. బోర్డు పీకితే ఊరు నవ్వుతుంది. నాకు ఆ భయమే పెద్దదైంది. ఎండిన తోట కంటే పెద్దదైంది.

వైశాఖంలో ఒక మిట్టమధ్యాహ్నం నిప్పు అంటుకుంది. ఎవరు కాల్చి పడేసిన చుట్టో, మరేమిటో ఇప్పటికీ తెలియదు. మొదలైంది సముద్రం వైపు పెద్ద చెట్ల కింద, దక్షిణం కొసన. వేసవిలో మా దగ్గర మధ్యాహ్నం దక్షిణపు గాలి గట్టిగా లేస్తుంది. నేను పరిగెత్తి వెళ్ళేసరికి మంట నేలబారున పాకుతోంది, చాపను చుట్టేసుకుంటూ పోతున్నట్టు. సరుగుడు కాయలు పటపటా పేలుతున్నాయి. మగవాళ్ళు పచ్చి కొమ్మలు విరిచి కొడుతున్నారు. కొట్టిన చోట ఆరి పక్కన లేస్తోంది. కొందరు బిందెలతో నీళ్ళు తెస్తున్నారు. ఆ ఇసుకలో, ఆ ఆకులో, బిందెడు నీళ్ళు పోసినా పోయనట్టే.

అప్పుడు వదిన వచ్చింది. ఒడ్డున చేపల దగ్గరినుంచి వచ్చినట్టుంది, చేతులకు పొలుసులున్నాయి. ఊడుపుకర్ర తెచ్చింది. మంట వైపు ఆమె చూడనైనా చూడలేదు. దానికి బాగా ముందుగా, పాత తెల్లబాట ఉండే చోటికి వెళ్ళి గీరడం మొదలుపెట్టింది.

మా ఆయన అక్కను చూసి అరిచాడు, "అప్పా, ఇప్పుడేటి ఊడ్సడం? ఇటొచ్చి కొట్టు!"

"నిప్పుని కొడితే ఆరదురా," అన్నది తల ఎత్తకుండా. "దాని ముందర ఇసక సూపించాల. బేగి రండి. సేతుల్తో తియ్యండి."

నేను మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తోడాను. వేళ్ళ కింద మోచేతిలోతు ఆకు. ఆమెను చూసి ఇంకొందరు ఆడవాళ్ళు దిగారు, తరవాత మగవాళ్ళు. పారలు, తట్టలు, చీపుర్లు, దొరికిన దానితో తీశాం. బాటకు అవతల ఊరివైపు, మేం నరికించిన భాగం, ఎండిన మండలతో. దాని వెనక మా ఇళ్ళు. మంట వచ్చి ఆ తెల్లటి ఇసుక అంచున ఆగింది. రెండు చోట్ల దాటబోతే పారలతో ఇసుక పోసి ఆపారు. తినడానికి ఏమీ దొరక్క అక్కడే నిలబడి నిలబడి కుంగిపోయింది. ఊరివైపు ఒక్క మండ అంటుకోలేదు.

పక్కకు తిరిగి ఉత్తరానికి పోయింది. బాటను ఉత్తరం కొసదాకా తియ్యడానికి మాకు సమయం చాలలేదు. ఆ కొసన వదిన పాక ఉంది. ఊరికి ఎదురుగా బాట తియ్యడం మొదలుపెట్టినప్పుడే ఆ సంగతి ఆమెకు తెలుసు. మాకెవరికీ గుర్తు రాలేదు. తాటాకు పాక కాలడానికి ఎంతసేపు. మేం వెళ్ళేసరికి రోలు, ఇత్తడి చెంబు ఒకటి మిగిలాయి. చెంబు ఒక పక్క నల్లబడి, మూతి వంగిపోయింది. ఆమె దాన్ని కర్రతో తిప్పి చూసి, చల్లారేదాకా కూర్చుంది.

పెద్ద చెట్లలో సగం మోడులైపోయాయి. రేకు బోర్డు మాత్రం నిలబడే ఉంది. రంగు పొక్కులు పొక్కింది గానీ అక్షరాలు చదవడానికి వస్తున్నాయి.

నాలుగు రోజులకు ఇద్దరు అధికారులు వచ్చి ఎలా జరిగిందో రాసి ఇమ్మన్నారు. సంఘం మగవాళ్ళు చుట్టూ కూర్చుని చెప్పారు, నేను రాశాను. గుర్తు తెలియని వ్యక్తుల వల్ల నిప్పు అంటుకున్నదని, సంఘం సభ్యులు సకాలంలో స్పందించి ఊరివైపు తోటను కాపాడుకున్నారని. బోర్డు సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ రాయలేదు. వదిన పేరు రాద్దామా అన్నాను. "ఆవిడ సభ్యురాలు కాదు గదా, మల్లీ పేచీ ఎందుకు," అన్నారు. సరేనని కింద సంతకం పెట్టాను. అప్పటికి నా సంతకం చక్కగా తిరుగుతోంది.

వదినను మా ఇంటికి రమ్మన్నాం. రెండు రాత్రులు ఉంది. మూడో పొద్దున ఊడుపుకర్రను మా పెరటి గోడకు ఆనించి, ఇచ్ఛాపురం బస్సు ఎక్కి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఏడు నిప్పు రాకుండా బాట తీయించడానికి పైనుంచి కూలి మంజూరైంది. వదిన, మిగిలిన ముగ్గురూ ఆకుకు బదులుగా చేసిన పనిని ఇప్పుడు ఎనిమిది మంది మగవాళ్ళు కూలికి చేస్తారు. ఏడాదికి రెండుసార్లు, ఫొటో తీసేముందు. మధ్యలో ఆకు పడుతూనే ఉంటుంది. నేను సంఘంలో లేచి, సముద్రం వైపు వరసల్ని మళ్ళీ ఆ ఆడవాళ్ళకు ఇచ్చేద్దాం, పాత పద్ధతిలో బాట వాళ్ళే చూసుకుంటారు అన్నాను. ఒకాయన పుస్తకం తిరగేసి అడిగాడు, "అలగని ఎక్కడ రాసున్నాదండి?"

ఎక్కడా రాసి లేదు. ఆ హక్కు రాయనవసరం లేనంత పాతది. రాసి ఉన్నదే లెక్క అని వాళ్ళకు నేర్పింది నేనే కదా. బోర్డు పీకించగలిగాను, అంతవరకే. పదవీకాలం అయ్యాక మళ్ళీ నిలబడలేదు.

రెండేళ్ళ కిందట మా ఇంట్లో ఒక చావుకు వదిన వచ్చింది. పదకొండో రోజు అయ్యాక, తిరుగు బస్సుకు టైము ఉందని చెప్పి తోటకు తీసుకెళ్ళాను. అప్పటికి నేను రోజూ మధ్యాహ్నం ఆమె ఊడుపుకర్రతో బాట ఊడుస్తున్నాను. ఆమెకు చూపించాలనే తీసుకెళ్ళాను, దాచడమెందుకు. ఒక మంచి మాట అంటుందనుకున్నాను. కూలి మంజూరులో ఆమె పేరు రాయిస్తాను, ఇక్కడే ఉండిపో అని అడగాలనుకున్నాను.

ఆమె బాట పొడుగునా నడిచింది. ఒకచోట ఆగి బొటనవేలితో గీరింది.

"ఇదేటి ఊడుపే? పైపైన దువ్వినావు. ఇసకేదీ?"

"నాకు నీ సెయ్యి రాదు వొదినా. నువ్వుండిపో. కూలి కూడా ఇస్తన్నారు ఇప్పుడు."

"కూలా?" అన్నది. "అప్పుడు దొంగదాన్ని సేసినావు, ఇప్పుడు కూలిదాన్ని సేస్తానంటావు. నా వరస నాకిస్తారేటి? అది సెప్పు."

నేను కాలిన మోడుల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె నా ముఖం చూసింది. ఊడుపుకర్ర ఆమెకు అందించబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అయితే నువ్వే ఊడ్సు," అన్నది. "ఇసక కనపడాల. సగం కనపడితే లెక్కలోకి రాదు."

ఆటో వచ్చింది. ఎక్కి కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, ఇటు తిరగలేదు. నేను బాట మీదకు తిరిగి వెళ్ళి ఆమె వేలితో గీరిన చోటినుంచి మొదలుపెట్టాను. సాయంత్రానికి ఇరవై అడుగులు తెల్లబడింది. పొద్దున్న వెళ్ళి చూస్తే మళ్ళీ ఆకు.